ఫ్రీజర్‌లో సాసేజ్ ప్యాకెట్ తగ్గించుకోవడం ఎలా: డెల్టా వంటింటి కోసం

పొద్దున ఆరింటికి భీమవరం చేపల మార్కెట్‌కి వెళ్తే బుట్టలో శీలావతి ఇంకా తోక కొడుతూ కనిపిస్తుంది. అమలాపురంలోనో పాలకొల్లులోనో వీధి చివర కొట్టుకెళ్తే కోడిని కళ్ల ముందే కోసి ఇస్తారు. ఇంత తాజా సరుకు గుమ్మం దాకా వచ్చే ఊళ్లలోనే ఇప్పుడు పిల్లల క్యారేజీలో చికెన్ సాసేజ్, సాయంత్రం బేకరీలో సలామీ శాండ్‌విచ్, పుట్టినరోజుకి పెప్పరోని పిజ్జా మామూలైపోయాయి. అప్పుడప్పుడు తినే చిరుతిండి వారానికి నాలుగు రోజుల అలవాటుగా మారినప్పుడే చిక్కు. ఆ అలవాటును వెనక్కి తిప్పడం పెద్ద కష్టమేం కాదు. మన దగ్గర అయితే మరీ తేలిక.

ముందు ప్రమాదం ఎంతో సరిగ్గా తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థకు క్యాన్సర్ పరిశోధన కోసం ఒక ప్రత్యేక విభాగం ఉంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో దాని కార్యాలయం. 2015 అక్టోబరులో 10 దేశాల నుంచి 22 మంది శాస్త్రవేత్తలు అక్కడ కూర్చుని, 800కి పైగా అధ్యయనాలు పరిశీలించి, సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో పెట్టారు. అంటే మనిషికి క్యాన్సర్ తెస్తుందని తగినంత ఆధారం దొరికిందని అర్థం. ముఖ్యంగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవారికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని వారు లెక్క కట్టారు.

ఈ రెండు మాటలనీ చాలామంది తప్పుగా పట్టుకుంటారు. పొగాకు కూడా గ్రూప్ 1లోనే ఉంది కాబట్టి సాసేజ్ సిగరెట్‌తో సమానం అంటారు. కాదు. ఆధారం ఎంత గట్టిదో చెప్పే వర్గీకరణ అది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు. ఇక 18 శాతం అంటే తినే వంద మందిలో 18 మందికి క్యాన్సర్ వస్తుందని కాదు. వంద మందిలో ఐదుగురికి వచ్చే చోట అది దాదాపు ఆరుగురు అవుతుంది. ఒక మనిషి విషయంలో చిన్న తేడానే. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడు ఈ అలవాటును యాభై ఏళ్లు మోస్తాడనుకుంటే అది చిన్నదిగా కనిపించదు. పైగా క్యాన్సర్ ఒక్కటే కాదు. ఈ ప్యాకెట్లలోని ఉప్పు రక్తపోటు పెంచుతుంది. వీటిని ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బులు, మధుమేహం కూడా ఎక్కువగా కనిపిస్తున్నాయి.

మొదటి పని: వారం రోజులు లెక్క రాయండి

ఏదీ మానకుండానే, ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, ఇంట్లోవాళ్లు ఇంటా బయటా తిన్నవన్నీ రాయండి. ఏవి లెక్కలోకి వస్తాయో తెలియాలి. నిలవ కోసం గానీ రుచి కోసం గానీ ఉప్పు పట్టించినది, నైట్రైట్ (మాంసం నిలవకీ, రంగుకీ వేసే రసాయనం) కలిపినది, పులియబెట్టినది, పొగ పెట్టినది ప్రాసెస్ చేసిన మాంసం. సాసేజ్, హాట్‌డాగ్, సలామీ, హ్యామ్, బేకన్, పెప్పరోని, డబ్బా మాంసం ఇందులోకి వస్తాయి. కోడిదైనా పందిదైనా తేడా లేదు. చికెన్ సాసేజ్ కదా, మంచిదే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

కొట్టులో మీ ముందు కొట్టించిన ఖైమా, వట్టి ఫ్రోజెన్ చికెన్ ముక్కలు, ఆదివారం మాంసం కూర ఈ లెక్కలో లేవు. మేక, గొర్రె మాంసం ఎర్ర మాంసం; దాన్ని అదే బృందం ఒక మెట్టు కింద, గ్రూప్ 2ఏలో పెట్టింది. వండిన ఎర్ర మాంసం మనిషికి వారానికి 350 నుంచి 500 గ్రాముల లోపు ఉంటే చాలు. నగ్గెట్స్ సంగతి కొంచెం వేరు. నైట్రైట్ వేయని నగ్గెట్స్‌ని సాసేజ్ పక్కన నిలబెట్టడం న్యాయం కాదు. అలాగని అవి కోడి కూర కూడా కాదు. ఉప్పు, మైదా, వేపుడు నూనె కలిసిన తిండి. లెక్కలో వాటికి వేరే గీత పెట్టండి.

బేకరీలో చికెన్ పఫ్ కొన్నప్పుడు లోపల ఉన్నది కూరేనా, కోసిన సాసేజ్ ముక్కలా అని అడగండి. మన ఊళ్లలో చాలా చోట్ల కూరే పెడతారు.

రెండో పని: ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

గోధుమ రంగు త్రికోణం మాంసాహారమని చెబుతుంది, అంతే. మీరు చూడాల్సింది చిన్న అక్షరాల్లోని పదార్థాల పట్టిక. తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ అంకెను ఐఎన్‌ఎస్ అంటారు. అందులో ఐఎన్‌ఎస్ 249, 250, 251, 252 అనే నాలుగు అంకెల కోసం వెతకండి. మొదటి రెండూ నైట్రైట్లు, తర్వాతి రెండూ నైట్రేట్లు. మనకు ఎక్కువగా కనిపించేది 250, అంటే సోడియం నైట్రైట్. కొన్ని ప్యాకెట్ల మీద 'క్లాస్ 2 ప్రిజర్వేటివ్' అని రాసి పక్కన అంకె వేస్తారు. 'సెలరీ పొడి' అని ఉన్నా సంబరపడకండి. ఆ ఆకులో సహజంగా ఉండే నైట్రేటే నైట్రైట్‌గా మారి అదే పని చేస్తుంది. ఐఎన్‌ఎస్ 316 కూడా ఉండొచ్చు. అది రంగు నిలవడానికీ, నైట్రోసమైన్లు (నైట్రైట్ నుంచి పుట్టే హానికర పదార్థాలు) తక్కువ తయారవడానికీ వేసేది. దానివల్ల అవి తగ్గుతాయి తప్ప లేకుండా పోవు. 451, 452 అంకెలు ఫాస్ఫేట్లవి, మాంసం నీటిని పట్టి ఉంచడానికి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ రెండు అంకెలు ఉన్నవాటిని ముట్టకూడదు.

నైట్రైట్ ఏం చేస్తుందో వంటింట్లోనే చూడొచ్చు. ఒకే గిన్నెలో నీళ్లు మరిగించి ఒక మటన్ ముక్క, ఒక హ్యామ్ ముక్క వేయండి. పది నిమిషాల్లో మటన్ ముక్క బూడిద రంగుకి తిరుగుతుంది. హ్యామ్ ముక్క ఎంత ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. మాంసంలోని ఎర్ర పదార్థంతో నైట్రైట్ కలిస్తే వచ్చే రంగు అది, వేడికి చెదరదు. ఆ నైట్రైటే పెనం మీది సెగకీ, కడుపులోకి వెళ్లాకా మాంసకృత్తుల ముక్కలతో కలిసి నైట్రోసమైన్ల వంటి పదార్థాలు పుట్టిస్తుంది. పేగు లోపలి పొరలోని కణాల డీఎన్‌ఏను దెబ్బతీసేవి అవే. మరి ఎందుకు కలుపుతారు? ప్రాణాంతకమైన బొటులిజం సూక్ష్మజీవిని ఆపడానికి. ఇది చిన్న కారణం కాదు. అందుకే నైట్రైట్ లేకుండా ఇంట్లో చేసుకున్నది ఏదైనా నిలవ ఉంచకూడదు.

తర్వాత సోడియం గీత చూడండి. 100 గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని 2.5తో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. ఉదాహరణకు 900 అని ఉందనుకోండి. 40 గ్రాముల సాసేజ్‌లు మూడు తింటే 1,080 మిల్లీగ్రాముల సోడియం, అంటే 2.7 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు. మనం అన్నంలో పచ్చడి, పెరుగులో ఆవకాయ తినేవాళ్లం. మిగిలిన సగంలో ఆ రోజు గడవదు.

మూడో పని: క్యారేజీలోకి వేరేది సిద్ధం చేయండి

వద్దు అని చెప్పి ఊరుకుంటే పిల్లలు మూడో రోజున బేకరీ దారి పడతారు. అదే ఆకారంలో, చేత్తో పట్టుకుని తినగలిగేది పెట్టాలి. అరిటాకు ఖైమా అందుకు బాగా పనికొస్తుంది. ఇది 12 ముక్కల లెక్క.

ఎముక తీసిన కోడి తొడ మాంసం 500 గ్రాములు తీసుకుని రెండుసార్లు ఖైమా కొట్టించండి. రొమ్ము మాంసం వద్దు, కొవ్వు లేక పిట్టులా పొడిపొడిగా వస్తుంది. ఉప్పు ముప్పావు చెంచా, అంటే 4 గ్రాములు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, మిరియాల పొడి అర చెంచా, ధనియాల పొడి ఒక చెంచా, రంగు కోసం కాశ్మీరీ కారం ఒక చెంచా, బియ్యప్పిండి రెండు పెద్ద చెంచాలు, ఒక మధ్య రకం ఉల్లిపాయ సన్నటి తరుగు, గుప్పెడు కొత్తిమీర.

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఖైమాలో ముందు ఉప్పు ఒక్కటే వేసి మూడు నాలుగు నిమిషాలు పిసకండి. మాంసం వేళ్లకు జిగురుగా అంటుకోవడం మొదలవుతుంది. ముక్క విరగకుండా పట్టి ఉంచేది ఆ జిగురే. దీనికి గుడ్డు అక్కర్లేదు. తర్వాతే మిగతావి కలపండి. ఉల్లితరుగును గుడ్డలో వేసి గట్టిగా పిండి మరీ వేయాలి. ఆ నీళ్లు ఉండిపోతే ఆవిరిలో ముక్క పగిలిపోతుంది. కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

లేత అరిటాకును జానెడు ముక్కలు చేసి పొయ్యి సెగ మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే మెత్తబడి చిరగకుండా మడత పడుతుంది. 50 గ్రాముల ముద్దను వేలి పొడవున చుట్టి ఆకులో బిగించి, చివరలు కిందికి మడిచి ఇడ్లీ పాత్రలో పేర్చండి. నీళ్లు మరిగాక 15 నిమిషాలు. ఒకటి విప్పి మధ్యకి విరిచి చూడండి. లోపల పచ్చిదనం ఉండకూడదు, కారే నీరు తేటగా ఉండాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో 75 డిగ్రీలు. ఆకు విప్పినప్పుడు ఖైమా మీద ఆకు ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. పిల్లలకు అది నచ్చుతుంది. పైన కరకర కావాలంటే పెనం మీద చెంచాడు నూనెతో రెండు నిమిషాలు దొర్లించండి.

ఒక్కో ముక్కలో ఉప్పు గ్రాములో మూడో వంతు. ఇందాకటి సాసేజ్‌లో ఒక్కోదానికి 0.9 గ్రాములు. చేసినవి ఫ్రిజ్‌లో రెండు రోజులు, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నెల. అంతకుమించి వద్దు.

ఒక జాగ్రత్త. ఏడున్నరకి కట్టిన క్యారేజీ పన్నెండున్నరకి తెరుస్తారు. మన ఎండలకి మామూలు స్టీలు డబ్బాలో ఏ మాంసమూ అన్ని గంటలు ఉండకూడదు. వేడి నిలిపే డబ్బాలో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, పొగలు కక్కే ముక్కల్ని వెంటనే పెట్టి మూత బిగించండి. అలాంటి డబ్బా లేకపోతే ఖైమాను బడి నుంచి వచ్చాక సాయంత్రానికి మార్చండి. క్యారేజీలోకి పులిహోర, వేయించిన వేరుశనగ గింజలు, అరటిపండు చాలు.

చేపతో చేయాలంటే కొరమేను గానీ పండుగప్ప గానీ తీసుకోండి, సన్న ముళ్లు తక్కువ. శీలావతి, బొచ్చె పులుసుకి బాగుంటాయి గానీ పిల్లల చేతి ముక్కకి పనికిరావు. పొట్టు, నల్ల నరం తీసిన రొయ్యల్ని కచ్చాపచ్చాగా దంచి ఇదే కొలతలతో ఆకులో పెట్టినా బాగుంటుంది. ఆవిరి పది నిమిషాలు చాలు. ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది.

నాలుగో పని: ఉన్న ప్యాకెట్ తినాల్సి వస్తే

ఫ్రీజర్‌లో ఇప్పటికే ఉన్నదాన్ని పారేయమని అనడం లేదు. కానీ వండే తీరు మార్చండి. సాసేజ్‌కి గాట్లు పెట్టి మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. కొంత ఉప్పు పోతుంది. నల్లగా మాడేలా వేయించకండి, నిప్పుల మీద కాల్చకండి. మంట తగిలి నల్లబడిన చోట పొగలోని హానికర పదార్థాలు, సెగ ఎక్కువైన చోట నైట్రోసమైన్లు పెరుగుతాయి. పక్కన నిమ్మరసం పిండిన దోస ముక్కలు గానీ, జామకాయ గానీ పెట్టండి. సి విటమిన్ నైట్రోసమైన్లు తయారవడాన్ని కొంత అడ్డుకుంటుంది. ఆ ధైర్యంతో ఇంకో రెండు ముక్కలు మాత్రం వేసుకోవద్దు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ను చేత్తో తడమండి. ముక్కలు విడివిడిగా కదలాలి. గడ్డలా అతుక్కుపోయి, లోపల మంచు పేరుకుని ఉంటే దారిలోనో, కరెంటు పోయినప్పుడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు. ప్యాకెట్ ఉబ్బి ఉంటే అసలు తీసుకోవద్దు. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంచండి. వచ్చాక చూస్తే ముక్కల్లో ఇంకా గట్టి మంచు ఉంటే ఆ రోజే వండేయండి. మెత్తబడి రెండు గంటలు దాటి ఉంటే పారేయండి. వాసన బాగానే ఉంది కదా అని ఉంచుకోవద్దు. జబ్బు చేసే సూక్ష్మజీవి ఉన్నా వాసన రాకపోవచ్చు. గడ్డకట్టిన ప్యాకెట్‌ను రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించండి, గట్టు మీద కాదు.

గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ప్యాకెట్ విప్పి చల్లగా తినే సలామీ, హ్యామ్ ముక్కల జోలికి వెళ్లకూడదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరంలా వచ్చిపోయినా కడుపులో బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. తప్పనిసరైతే ఆవిర్లు వచ్చేదాకా వేడిచేసే తినాలి.

ఐదో పని: ఎండు చేప, మాంసం పచ్చడి కూడా లెక్కలో వేయండి

ప్యాకెట్ మానేసి రోజూ ఎండు చేప తింటే ఉప్పు ఎక్కడికీ పోదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్ర వేట నిషేధం. అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రపు చేప తగ్గి ఎండు చేపకి గిరాకీ పెరిగేది ఆ రోజుల్లోనే. చెరువు చేపకి నిషేధం లేదు, ఆ రెండు నెలలూ దాన్నే ఎక్కువగా వండండి.

ఉప్పు పట్టించిన చేపలో చైనా పద్ధతిలో చేసేదాన్ని గ్రూప్ 1లో పెట్టారు, ముక్కు వెనక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్ కారణంగా. ఆ పద్ధతి వేరు కాబట్టి ఆ ముద్రను మన ఎండు చేపకి అంటగట్టడం సరికాదు. కానీ ఉప్పులో నిలవ చేసిన తిండికీ పొట్ట క్యాన్సర్‌కీ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు సాధారణంగా ఉప్పు లేకుండానో తక్కువ ఉప్పుతోనో ఎండబెడతారు. పెద్ద చేపల్ని చీల్చి ఉప్పు కూరతారు. కొనేటప్పుడు చిన్న తునక నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఉప్పు చేప అయితే ముక్కలు చేసి గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. వంకాయతో వండేటప్పుడు కూరలో ఉప్పు చివరన, రుచి చూశాకే. చద్దన్నంలోకి నిప్పుల మీద కాల్చే అలవాటు ఉంటే మాడ్చకుండా పెనం మీద వేయించండి.

చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడిలో నైట్రైట్ సాధారణంగా ఉండదు, ఉప్పూ నూనే బరువు. ఇంట్లో పెట్టినది ఫ్రిజ్‌లోనే ఉంచి, తడి లేని చెంచాతో, అన్నంలోకి ఒక చెంచా మేర వేసుకోండి. కూర బదులు కంచం నిండా కలుపుకునేది కాదది.

ఎంతకి తగ్గించాలి? ఇంత వరకు తింటే ఏమీ కాదు అనే మోతాదు ఎవరూ తేల్చలేదు. మా సలహా ఇది: ఇంట్లోకి కొనడం పూర్తిగా మానేయండి, బయట నెలకొకసారికి మించనివ్వకండి. రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఆ ఒక్కసారీ వద్దు.

చివరగా, మొలలని సరిపెట్టుకోకండి

మలంలో రక్తం కనిపిస్తే మన వైపు చాలామంది మొలలని తీర్మానించుకుని నాటుమందుకి వెళ్తారు. చాలాసార్లు అది మొలలే అయి ఉండొచ్చు, కానీ చూడకుండా చెప్పలేం. రక్తం పడటం, విరేచనం అలవాటు మూడు వారాలకు పైగా మారిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎన్ని మాత్రలు వేసుకున్నా రక్తహీనత తగ్గకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా జనరల్ సర్జన్‌కో, జీర్ణకోశ వైద్యుడికో చూపించండి. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, లక్షణాలు లేకపోయినా 40 ఏళ్లకు, లేదా వాళ్లకు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి అడగాలి. వాళ్లకు ఏ వయసులో బయటపడిందో, రక్తం ఎన్నాళ్లుగా పడుతోందో, ఏ రంగులో ఉందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. సిగ్గుపడి నోట రాని మాటలు కాగితం మీదైతే డాక్టరుకి చేరతాయి.